పాత మిద్దెకు సిమెంటు పడదు

కర్నూలు పాతబస్తీ సందుల్లో రెండు మూడు తరాల కిందటి రాతి మిద్దెలు ఇంకా కనిపిస్తాయి. వాటిలో కొన్నేళ్ల కిందట సిమెంటు పూత వేయించిన గోడ దగ్గర నిలబడి, మోకాలెత్తులో వేలి కణుపులతో తట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒకచోట గట్టిగా పలుకుతుంది. జానెడు పక్కన ఖాళీ కుండను తట్టినట్టు డొల్లగా మోగుతుంది. ఆ డొల్ల మోగినచోట ఉలి అంచు దూర్చితే అరచేయంత పెచ్చు ఊడి వస్తుంది. పెచ్చు లోపలివైపు తెల్లటి నూగులా ఉప్పు పట్టి ఉంటుంది. దాని వెనుక రాళ్ల మధ్య ఉన్న మట్టి నడివేసవిలో కూడా చల్లగా, తడిగా వేలికి అంటుకుంటుంది. ఇంటివారు ఇది బేల్దారి, అంటే తాపీ మేస్త్రీ, పనితనంలో లోపమనుకుని మళ్లీ సిమెంటే పూయిస్తారు, ఈసారి మరికాస్త ఎత్తు దాకా. కొన్నాళ్లకు తేమ ఆ ఎత్తును కూడా దాటి పైకి ఎక్కుతుంది.

లోపం బేల్దారిది కాదు. ఆ గోడకు ఆ సరుకు పడదు. పాత ఇంటిని దాని రూపు చెడకుండా బాగు చేసుకోవాలనుకునేవారు ముందు పట్టుకోవలసిన కొస ఇది. సీమ ఇళ్ల ప్రత్యేకత అంటే చాలామందికి చెక్కిన ద్వారబంధం, వీధి అరుగు, గోడలోని దీపపు గూడు గుర్తొస్తాయి. అవి ఉండవలసినవే. కానీ ఇంటి అసలు స్వభావం ఎండనూ నీటినీ అది ఎదుర్కొనే తీరులో ఉంది. ఆ తీరును కాపాడితే రూపు కూడా వెంట నిలుస్తుంది. దాన్ని చెడగొట్టి ద్వారబంధానికి మాత్రం నూనె పట్టించి మెరిపిస్తే, మిగిలేది పాత తలుపు తగిలించిన రోగిష్టి ఇల్లు.

కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల్లో రాయికి కొదవ లేదు. అందుకే గోడలు రాతితో, ఒకటిన్నర నుంచి రెండడుగుల మందంతో లేచాయి. రాయికీ రాయికీ మధ్య ఎక్కువ ఇళ్లలో మట్టి అడుసు, కలిగినవారి ఇళ్లలో సున్నం. పైన సున్నపు గార. పునాదికీ గోడకూ నడుమ తేమను ఆపే పొర వేసే పద్ధతి అప్పట్లో లేదు. కాబట్టి దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు నేలలోని తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. పాతకాలపు పనివారు దాన్ని ఆపే ప్రయత్నం చేయలేదు. ఎక్కిన తడి ఎక్కినట్టే గోడ ముఖం నుంచి ఆవిరైపోయే ఏర్పాటు చేశారు. మట్టి, సున్నం రెండూ ఆవిరిని బయటికి వదులుతాయి. సిమెంటు పూత ఆ దారిని చాలావరకు మూసేస్తుంది. దారి మూసుకుపోయిన తడి పూత ఆగిన చోటు వెతుక్కుంటూ పైకి పోతుంది. నీటితో వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా పేరుకుని, ఉబ్బి, పూతను నెట్టేస్తాయి. డొల్ల శబ్దం ఆ ఖాళీదే. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులతో కూడా కొంత తక్కువగా ఇదే జరుగుతుంది. అవి గోడ మీద పొరలా పరుచుకుంటాయి. సున్నం వెల్ల అలా కాదు, గోడలో ఇంకుతుంది.

సున్నం పనితీరు అర్థమైతే దాని మీద గౌరవం కలుగుతుంది. సున్నపురాయిని 900 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. మిగిలిన సున్నాన్ని నీటితో చల్లార్చి, ఇసుకతో కలిపి గానుగలో నూరి గోడకు పూస్తే, అది గాలిలో ఉన్న అదే వాయువును నెమ్మదిగా తిరిగి తీసుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. దీనికి నెలలు పడుతుంది. అందుకే సున్నపు పనికి ఓపిక కావాలి. ఆ ఓపికకు ఫలితం కూడా ఉంది. సున్నం సిమెంటంత బిరుసు కాదు. గోడ కొద్దిగా కదిలితే తానూ కొద్దిగా సర్దుకుంటుంది. వెంట్రుకవాసి పగుళ్లలోకి నీరు చేరినప్పుడు కరిగిన సున్నం అక్కడే మళ్లీ గట్టిపడి వాటిని పూడ్చుతుంది.

ఈ సర్దుబాటు గుణం కర్నూలు వైపు మరీ అవసరం. ఆదోని, కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. రేగడి వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నిలిచిన గోడలో పగులు ఎండాకాలం విప్పుకుని వానాకాలం దగ్గరపడటం వింతేమీ కాదు. మే నెలలో పగులు చూసి కంగారుపడి అందులో సిమెంటు కూరితే, వానలకు గోడ మళ్లీ దగ్గరపడే వేళ ఆ సిమెంటు మేకులా అడ్డం నిలిచి పక్కన కొత్త పగులు పుట్టిస్తుంది. పగులుకు అడ్డంగా రెండు మూడు చోట్ల రూపాయి బిళ్లంత సున్నపు ముద్ద అతికించి, పక్కన తేదీ రాసి ఒక ఏడాది గమనించడం మంచి పద్ధతి. ముద్ద చిట్లి, పగులు ఏ రుతువులోనూ తగ్గకుండా పెరుగుతూనే ఉంటే పునాది చూడాలి, ఇంజనీరును పిలవాలి. గోడ మధ్యలో కడుపు ఉబ్బినట్టు బయటికి వస్తే ఏడాది ఆగడం కూడా తగదు. రాతిగోడకు లోపలి వరుస, బయటి వరుస అని రెండు ముఖాలుంటాయి. వాటిని కలిపి పట్టే అడ్డరాళ్లు చాలకపోతే రెండూ విడిపోతాయి. ఉబ్బు దాని గుర్తు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదుల నీరు కర్నూలును ముంచెత్తింది. మట్టి అడుసుతో కట్టిన గోడ ఆ స్థాయిలో నానితే ఎంత బలహీనపడుతుందో ఆ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. మునిగిన గోడకు మొదట కావలసింది ఆరుదల. నీరు తీసిన వెంటనే లోపలా బయటా సిమెంటు పూసేస్తే గోడ మధ్యలోని తడి బయటపడే దారిలేక ఎంతో కాలం అక్కడే ఉండిపోతుంది. చెడిన పూతను కిందివైపు పూర్తిగా దులిపేసి, తలుపులూ కిటికీలూ తెరిచి ఒక ఎండాకాలం గాలికి వదిలితే గోడకు మేలు. ఇల్లు చూడటానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి అంత కాలం ఆగడం కష్టమే. అయినా ఆగాలి.

ఇక మిద్దె, అంటే ఇంటి పైకప్పు. సీమ ఇంటికి ప్రాణం అక్కడుంది, ఎక్కువ ఇళ్లు పాడయ్యేదీ అక్కడే. కోస్తాలో వాలు పెంకుటిళ్లు ఎక్కువగా కనిపిస్తే ఇక్కడ చదునైన మట్టి మిద్దెలు ఎందుకొచ్చాయో వాన చెబుతుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఆ కాస్త వానను చదును కప్పు మోయగలదు. మిగిలిన కాలమంతా కాచే ఎండను మందపాటి మట్టి ఆపుతుంది. గోడ మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా పరిచిన సన్నపాటి కట్టెలు, అవే దంతెలు. దంతెల మీద రాయి దొరికే ఊళ్లలో బండలు, దొరకని చోట కట్టెలూ కంపా. ఆపైన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు.

చౌడు అంటే ఉప్పు ఊరిన నేల నుంచి తవ్వి తెచ్చిన మట్టి. అది పైరును ఎదగనివ్వదు, దానికి కారణం అందులో సోడియం ఎక్కువగా ఉండటం. తడి తగలగానే ఆ మట్టిలోని అతి సన్నని బంక రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి విడివిడిగా చెదురుతాయి, సందుల్లోకి దిగి వాటిని మూసేస్తాయి. నీరు కిందికి ఇంకకుండా పైనే నిలిచి, మిద్దె నీటిని బయటికి వదిలే దోనెలోకి జారిపోతుంది. పొలంలో రైతు ఏ గుణాన్ని చూసి బాధపడతాడో, మిద్దె మీద అదే గుణాన్ని ఇంటికి వాడుకున్నారు. ఏ పుస్తకమూ చూడకుండా, చేతి అనుభవంతోనే ఈ మట్టిని ఎంచుకున్న పనివారి తెలివిని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

చౌడు మిద్దెకు ఒక షరతు ఉంది. ఏటా వానలకు ముందు పైన మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకి, గుంతలు సరిచేసి, కొత్త చౌడు పరవాలి. చాలా ఇళ్లలో కొత్తది వేశారు గానీ పాతది తీయలేదు. తరాలు గడిచేసరికి మట్టి మందం పెరిగింది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది మీద ఆరంగుళాల మట్టి ఉంటే దాని బరువు దాదాపు 3 టన్నులు. అదే అడుగు మందమైతే 6 టన్నులు, తడిస్తే ఇంకా ఎక్కువ. దూలం కుంగిందని చెక్కను నిందించే ముందు పైన ఎంత మట్టి ఉందో ఒక మూల తవ్వి కొలవాలి. ఎక్కువైన మట్టిని జాగ్రత్తగా, ఒకే వైపు గుట్ట పోయకుండా దించేస్తే కొన్ని దూలాలకు మరే చికిత్సా అవసరం రాదు.

చేసే పొరపాటు మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటుంది. కురుస్తున్నదని మట్టి మీదే రెండంగుళాల సిమెంటు కాంక్రీటు వేయిస్తారు. పైన చెప్పిన గదికే లెక్క వేస్తే ఇది మరో 1.4 టన్నుల బరువు. ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుని ఆ పొర ఏడాది రెండేళ్లలో సన్నగా చిట్లుతుంది. ఆ చీలికల్లోంచి దిగిన నీరు తిరిగి ఆవిరయ్యే వీల్లేక మట్టిలో నిలుస్తుంది. కింద దంతెలు కంటికి కనబడకుండా చివుకుతాయి. మిద్దె హఠాత్తుగా కూలిందని అంటారు గానీ, అది ఏళ్ల తరబడి లోపల జరిగిన పని. టార్పాలిన్ పట్టను ఏడాది పొడవునా కప్పి ఉంచడం కూడా అదే దారి. వానకు కప్పి, ఎండకు తీసేయాలి.

మరేం చేయాలి? ఏటా చౌడు పరిచే మనుషులు ఇప్పుడు దొరకడం లేదన్నది నిజం. దానికి రెండు దారులున్నాయి. మొదటిది, మట్టిని అసలు మందానికి తగ్గించి, చివికిన దంతెలు మార్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన పొరను దిమ్మిసతో బాగా కొట్టించడం. ఐదడుగులకు ఒక అంగుళం చొప్పున దోనె వైపు వాలు ఉండాలి. బ్రిటిషు కాలపు బంగళాల్లో, కచేరీల్లో మద్రాసు టెర్రస్ పేరుతో ఇలాంటి పనే కనిపిస్తుంది. అక్కడ టేకు దంతెల మీద పలుచటి ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చి, ఆపైన సున్నపు కాంక్రీటు కొట్టేవారు. రెండోది, మిద్దెకు రెండు మూడడుగుల ఎత్తున, గోడ మీద బరువు పడకుండా విడి స్తంభాలతో రేకుల పందిరి వేయడం. ఇది అందమైన పరిష్కారం కాదు. కానీ చౌకైనది, నీడనిస్తుంది, మిద్దెను పొడిగా ఉంచుతుంది, రేపు డబ్బు సమకూరినప్పుడు విప్పేయవచ్చు. పాత ఇంట్లో ఏ పనికైనా ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం మంచిది: రేపు వద్దనుకుంటే దీన్ని ఇంటికి గాయం కాకుండా తీసేయగలమా? రేకుల పందిరిని తీసేయగలం. మట్టి మిద్దె మీద పోసిన కాంక్రీటును తీయడం చాలాసార్లు మిద్దెతో సహా తీయడమే అవుతుంది.

పాత కప్పు మొత్తం విప్పి ఆర్‌సీసీ స్లాబు వేయడం ఇంకో మాట. తప్పనిసరి అయినప్పుడు వేసుకోవలసిందే, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే మట్టి అడుసు గోడ మీద స్లాబు సూటిగా ఆనకుండా గోడల చుట్టూ బిగువు పట్టీలా కాంక్రీటు దూలం పోయాలి. తర్వాత పైన తెల్లటి సున్నపు పూతో, వేడిని ఆపే మరో పొరో లేకపోతే మే నెల రాత్రుల్లో ఆ గది పొయ్యిలా ఉంటుంది. రెండడుగుల రాతిగోడ, మట్టి మిద్దె ఉన్న గదికి మధ్యాహ్నపు వేడి చేరేసరికి రాత్రవుతుంది. అప్పుడు ఆ వేడిని బయటికి పంపేది గవాచి, కప్పులో వెలుగుకూ గాలికీ వదిలిన చిన్న రంధ్రం. వాన వస్తే బండ మూసేవారు, లేకపోతే తీసి ఉంచేవారు. ఇప్పుడు చాలా గవాచులు సిమెంటుతో మూసుకుపోయాయి, వాటి కింద ఫాల్స్ సీలింగులు వెలిశాయి. సీలింగు వేస్తే దూలాలు కనబడవు, చెదలు కూడా కనబడవు. గవాచికి సన్నని దోమతెర, పైన చిన్న గాజు గొడుగు అమర్చుకుంటే వాన పడదు, వెలుగు పోదు, వేడి గాలి పైకి పోతుంది.

దూలాల్లో టేకు, వేప, నారయేపి ఎక్కువ. నడుమ భాగం రాయిలా గట్టిగా ఉన్నా, గోడలో దిగిన కొనలు చివికి ఉండవచ్చు. అక్కడ గాలి ఆడదు, గోడ తడి తగులుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో కొనల దగ్గర గుచ్చి చూస్తే తెలుస్తుంది. కొన ఒక్కటే పోతే దూలమంతా మార్చనక్కరలేదు. మంచి వడ్రంగి చెడిన మేర కోసి, అదే జాతి చెక్కను ఏటవాలు అతుకుతో చేర్చి ఇనుప పట్టీలు బిగించగలడు. తలుపుల మీద ఏళ్లుగా పేరుకున్న ఎనామిల్ రంగును గీకి అవిసె నూనె పట్టిస్తే కింద చెక్కడం బయటపడుతుంది. ఈ పని చాలామంది బాగానే చేస్తున్నారు.

నేల విషయంలో మాత్రం తొందర ఎక్కువ. కడప నల్లబండ, బేతంచెర్ల బండ, తాడిపత్రి బండ అని దేశమంతా కొనుక్కునే రాయి ఈ ప్రాంతానిదే. 50 కోట్ల ఏళ్లకు పైబడిన సున్నపురాయి పొరల నుంచి పలకలుగా వస్తుంది. అలాంటి బండ కాళ్ల కింద ఉండగా దాని మీదే టైల్సు పరిపించడం ఎక్కువైంది. టైల్సుతో నేల రెండంగుళాలు లేస్తుంది. గడప ఎత్తు సగమవుతుంది, తలుపు అడుగున రంపం పెట్టాలి, ద్వారబంధం పొట్టిదవుతుంది. ఇంటి కొలతలన్నీ ఒక్కసారిగా వంకర పోతాయి. బండలు కుంగితే సుద్దతో అంకెలు వేసి, వరుస తప్పకుండా లేపి, కింద ఇసుక సున్నం సరిచేసి తిరిగి పరిస్తే చాలు.

బండలు శుభ్రం చేయడానికి యాసిడ్ వాడటం ఇంకా పెద్ద నష్టం. బండ మూల మీద ఒక నిమ్మరసం చుక్క వేసి ఒంగి చూడండి. అంచుల వెంట సన్నగా బుడగలు లేస్తాయి. నిమిషం తర్వాత తుడిస్తే నున్నటి నలుపు మధ్య బూడిదరంగు మచ్చ మిగులుతుంది. సున్నపురాయిని ఆమ్లం తింటుంది. ఒక్క చుక్కకు ఇలా అయితే, బాత్రూము యాసిడ్ బకెట్టుతో గది మొత్తం కడిగితే మూడు తరాల పాదాలు పట్టించిన మెరుగు ఒక్క పూటలో పోతుంది. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తని బ్రష్షు చాలు.

పాత ఇళ్లకు మరో కష్టం గడప బయటి నుంచి వస్తుంది. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేయగా వేయగా వీధి లేస్తోంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరిన అరుగు ఇప్పుడు వీధితో సమానమైంది, కొన్నిచోట్ల వీధి కన్నా కిందికి పోయింది. వాన నీరు నేరుగా గోడ మొదట్లో నిలుస్తుంది. పాత పొరను గీకి కొత్తది వేసే పద్ధతి ఉంది, వార్డులో రోడ్డు పని మొదలయ్యే ముందే దాన్ని అడగాలి. ఇంటివారి వైపు నుంచి, గోడ అంచు దాకా సిమెంటు చప్టా పోయకుండా అడుగున్నర వెడల్పున కంకర నింపిన కాలువ వదిలితే గోడ మొదలు ఊపిరి పీల్చుకుంటుంది.

కరెంటు, నీళ్లు, బాత్రూము లేకుండా ఈ రోజుల్లో ఎవరూ కాపురం ఉండరు, ఉండనక్కరలేదు. మట్టి అడుసు గోడలో వైర్ల కోసం గాడి కొట్టిస్తే రాళ్లు కదులుతాయి, కాబట్టి పైపులు గోడ పైనే, దంతెల వెంట నడిపించాలి. బాత్రూములు పాత గదుల్లో ఇరికించకుండా పెరటి వైపు విడి గోడలతో కట్టుకుంటే నీటి తడి పాత గోడకు చేరదు.

పాత ఇళ్ల రూపు చెడటానికి వానకన్నా పెద్ద కారణం ఒకటుంది, దాన్ని ఎవరూ మరమ్మతు కింద లెక్కవేయరు. అన్నదమ్ముల పంపకం. పడసాల నడిబొడ్డున ఇటుక గోడ లేస్తుంది. గవాచి ఒకరి వాటాకు, దోనె మరొకరి వాటాకు పోతుంది. ఒకరు తమ సగానికి స్లాబు వేస్తారు, పక్క సగం మట్టి మిద్దెలోకి అతుకు దగ్గర నీరు దిగుతుంది. పంపకం ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ వాటాలు రాసుకునే కాగితంలోనే మిద్దె నీరు ఎటు పోవాలో, కప్పు పని ఇద్దరూ కలిసి ఎలా చేయించాలో ఒక్క వాక్యం రాసుకుంటే రెండు ఇళ్లూ బతుకుతాయి.

తాడిపత్రిలో చింతల వెంకటరమణ స్వామి ఆలయం చుట్టుపక్కల, సిద్ధవటం కోట పక్కన ఇళ్లున్నవారు పని మొదలుపెట్టే ముందు చట్టం కూడా చూసుకోవాలి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలోని కట్టడం నుంచి 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు గానీ, ఉన్న ఇంటి మరమ్మతుకు అనుమతి కోరవచ్చు. కూల్చేశాక కొత్తది కట్టుకోలేని చోట, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడం ఆస్తి లెక్కల్లో కూడా తెలివైన పని. ఇల్లు శిథిలమయ్యాక చేయగలిగేది చాలా తక్కువ. కడపలో సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా చోటున ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయమూ భాషా పరిశోధన కేంద్రమూ ఉన్నాయి. తెలుగువారికి గర్వకారణమే. ఆయన తిరిగిన గదులు మాత్రం లేవు.

పనికి దిగేవారికి కాలం కూడా ముఖ్యం. సున్నపు గార ఏప్రిల్, మే ఎండల్లో పూస్తే గట్టిపడకముందే ఎండి పొడి రాలుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అప్పుడు కూడా తడి గోనెపట్టాలు వేలాడదీసి కొన్ని రోజులు నెమ్మదిగా ఆరనివ్వాలి. ఒకేసారి ఇల్లంతా తవ్వి పోయకుండా ముందు మిద్దె, తర్వాత గోడ మొదలు, ఆ తర్వాతే పూతలు, రంగులు. మిద్దె పని మృగశిర కార్తె లోపల ముగియాలి. మొదటి పెద్ద వాన కురిసిన రాత్రి టార్చిలైటు పట్టుకుని గది గదికీ వెళ్లి, దంతెల మధ్య తడి కనిపించినచోటల్లా సుద్దతో గీత గీసి తేదీ వేయాలి. తెల్లవారి వాన వెలిశాక మిద్దె ఎక్కి, సరిగ్గా ఆ గీతల పైన ఏముందో చూడాలి.